అప్‌డేట్: మాలిక్యూల్ 01 పర్ఫ్యూమ్ వాసన రావట్లేదు – నకిలీ కాదు, కారణం తేలింది

స్ప్రే బాగానే పడుతోంది, స్పిరిట్ ఆరగానే వాసనే లేదు, ఇది నకిలీదా అని అడిగాను. సరుకు అసలుదే. అందులో వాసననిచ్చే అణువు నా ముక్కుకు అందడం లేదు. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తేల్చింది మూడు పట్టీల పరీక్ష. రెండు కాగితపు పట్టీల మీద ఉత్త పర్ఫ్యూమ్ ఆల్కహాల్, మూడోదాని మీద పర్ఫ్యూమ్. పావుగంట ఆరనిచ్చి, వెనకవైపు గుర్తు పెట్టి, క్రమం తెలియని మనిషి చేత అందించుకోవాలి. లేకపోతే మనసే వాసన పుట్టిస్తుంది. ఇంట్లోవాళ్లు ప్రతిసారీ సరైన పట్టీనే తీశారు, దేవదారు చెక్కలా మెత్తగా ఉందన్నారు. నాకు మూడూ ఒకటే.

పర్ఫ్యూమ్ రూపకర్త గెజా షోన్ 2006లో తెచ్చిన ఈ పర్ఫ్యూమ్‌లో వాసననిచ్చేది ఐసో ఇ సూపర్ అనే కృత్రిమ పదార్థం ఒక్కటే. మామూలు పర్ఫ్యూమ్‌లో ఒక పదార్థం అందకపోయినా మిగతావి ఆదుకుంటాయి; ఇక్కడ ఆ ఆసరా లేదు. ఒకే పదార్థాన్ని అలా ఒంటరిగా నిలబెట్టడంలోనే దీని కళ ఉంది, చిక్కూ అక్కడే. కొందరికి ఇది అరకొరగానే తెలుస్తుంది. తెలిసేవాళ్లకూ ముక్కు అలవాటు పడి వాసన పోయి వస్తుంటుంది. తెలియట్లేదని మళ్లీ మళ్లీ స్ప్రే కొట్టుకోకండి, పక్కవాళ్లకు ఘాటెక్కుతుంది.

సీసా మీది బ్యాచ్ కోడ్ సరిచూడమని, కాఫీ గింజలు వాసన చూడమని, ముందు మాయిశ్చరైజర్ రాసుకోమని కొందరిచ్చిన సలహాలకు దీనితో సంబంధం లేదు.

దీన్ని తెచ్చిన ఎసెంట్రిక్ మాలిక్యూల్స్ సంస్థదే మరో పర్ఫ్యూమ్ ఎసెంట్రిక్ 01లో ఇదే అణువుకు పింక్ పెప్పర్, నిమ్మ తోడున్నాయి. ఆ పర్ఫ్యూమ్ వాసన నాకు చక్కగా అందుతోంది. ఏదైనా ముందు 2 మి.లీ. శాంపిల్‌తో చూసి కొనండి.