సంక్రాంతికి పులస, మే నెలలో నిండు కాలువ: ఇలాంటి గెస్టులకు ముందే ఎలా చెప్తున్నారు?

కోనసీమలో దిండి వైపు కొబ్బరితోటలో రెండు గదుల హోమ్‌స్టే. నలుగురికని బుక్ చేసి ఏడుగురు దిగడం పెద్ద సమస్య కాదు, అదనపు పరుపుకి ఇంత అని ముందే రాస్తే సర్దుకుంటుంది. అసలు తలనొప్పి ఊరి మీద పెట్టుకొచ్చే ఆశలతోనే.

పండక్కి వచ్చి పులస పులుసు అడుగుతారు. పులస చేప గోదావరికి ఎదురీదేది ఎర్రటి వరదనీళ్లు వచ్చాక, జూలై నుంచి సెప్టెంబరు దాకా. జనవరిలో ఆ పేరుతో దొరికేది సముద్రపు ఇలసో, ఐసులో దాచిందో. వేసవిలో వచ్చినవాళ్లకేమో ఫొటోలోని నిండు కాలువ కావాలి. దాళ్వా (రెండో పంట) వరి కోతలయ్యాక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు ఆపేస్తారు, పూడికతీత, లాకుల మరమ్మతులు అప్పుడే. అడుగున బురద, గుర్రపుడెక్క తప్ప ఏముంటుంది?

ఇక కరెంటు. 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటున్న 900 వీఏ ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి. టన్నున్నర ఏసీ ఒక్కటే దాదాపు 1500 వాట్లు లాగుతుంది, వేస్తే ఓవర్‌లోడై ట్రిప్పవుతుంది. గంట ఏసీ ఆగితే రోజు అద్దె మొత్తం వాపసు ఇమ్మంటారు, లేదంటే ఒక్క స్టారే అని బెదిరింపు.

ఇవన్నీ లిస్టింగులో ఉన్నాయి, చదివేవాళ్లు తక్కువ. బుకింగ్ అవగానే ఈ మూడు విషయాలూ వాట్సాప్‌లో పంపి, ‘సరే’ అని జవాబొచ్చాకే అడ్వాన్సు తీసుకోవడం ఎవరికైనా పనిచేసిందా? నెలనెలా ఫొటోలు మార్చేవాళ్లున్నారా? రెండు గదులకి చిన్న జనరేటర్ పెట్టినవాళ్లు ఎన్ని కేవీఏ తీసుకున్నారు, డీజిల్ ఖర్చు అద్దెలో కలిపారా, విడిగా తీసుకుంటున్నారా?