ప్రెసిడెంటు గారు ‘వెళ్ళారు’, ఆవిడ ‘ఉంది’: ఈ తేడా ఎక్కడిది?

(అమలాపురం నుంచి, చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారమండి. క్రియాపదాల గురించి ఒక సందేహం.

ఆమధ్య ఒక కాగితం మీద సంతకం కోసం పక్క ఊరు వెళ్ళాను. అక్కడ సర్పంచ్ ఒకావిడ. మన వైపు సర్పంచ్‌ని ఇప్పటికీ ప్రెసిడెంటు గారనే అంటాం కదా. అరుగు మీద కూచున్న పెద్దాయన్ని ‘ప్రెసిడెంటు గారు ఉన్నారాండి?’ అని అడిగాను. ‘లేరండి, చేలోకెళ్ళారు. వచ్చేస్తారు, కూచోండి’ అన్నారు. సంతకం కావాలని చెప్పాను. ‘ఓ, సంతకానికా! అయితే ఆవిడ లోపలుంది, పెట్టేస్తుంది’ అన్నారు.

ఎన్నికల్లో గెలిచింది ఆవిడ, సంతకం చెల్లేది ఆవిడది. ‘ప్రెసిడెంటు గారు’ అన్న మాట మాత్రం భర్తకి వెళ్ళిపోయింది, దాంతో పాటే ‘లేరు, వెళ్ళారు, వస్తారు’ కూడా. ఆవిడకి మిగిలినవి ‘ఉంది, పెట్టేస్తుంది’. ఆ పెద్దాయనకి ఆవిడంటే చులకన ఉందనుకోను. పిలిచేటప్పుడు ‘అమ్మా’ అనే పిలిచారు, నాకు మజ్జిగ కూడా ఇప్పించారు. కావాలని అన్నమాట కాదది, అలా వచ్చేసిందంతే. నన్ను పట్టుకున్నది ఆ ‘అలా వచ్చేయడమే’.

అప్పట్నుంచి చెవులు రిక్కించి వింటున్నాను. మాస్టారు వచ్చారు, టీచరమ్మ వచ్చింది. డాక్టరు గారు మందు రాశారు, డాక్టరమ్మ రాసింది. మా ఆయన భోంచేశారు, మా ఆవిడ తింది. మొదటి దానికి బహువచనం దానంతటదే వస్తోంది, రెండోదానికి రావట్లేదు. ‘ఆవిడ వచ్చారు’ అంటే తప్పు తెలుగేమీ కాదు, నిక్షేపమైన వాక్యం. అయినా నాలుక అటు తిరగదు.

మనకే తెలియకుండా మనలో ఉండే పక్షపాతాన్ని పట్టుకోవడానికి అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1998లో ఒక పరీక్ష తయారుచేశారు. తెర మీద మాటలు కనిపిస్తుంటే కంప్యూటర్ మీటలు ఎంత వేగంగా నొక్కుతామో కొలుస్తారు. ఆ కొలత ఎంతవరకు నమ్మొచ్చన్న దాని మీద వాళ్ళల్లో వాళ్ళకే వాదన ఉంది. తెలుగువాడికి ఆ మీటల అవసరం లేదేమో, క్రియ చివరి అక్షరం వింటే సరిపోతుందేమో అనిపిస్తోంది.

మీ ఇళ్ళల్లో ఎవరికి ఏ రూపం వాడతారో రాయండి. ఆలోచించి రాయొద్దు, నోటికి ముందు ఏదొస్తే అదే.

(రామచంద్రపురం, రిటైరైన తెలుగు మాస్టారు)

అయ్యా, తొందరపడి భాష మీద నేరం మోపకండి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తీసి చూడండి. మగవారు మహత్తులు, మిగతావన్నీ అమహత్తులు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల్లా, బహువచనంలో మహత్తుల్లా నడుస్తాయి. అందుకే సీత వచ్చింది, ఆవు వచ్చింది, ఏడింటి బస్సు వచ్చింది. ఆడవాళ్ళు మాత్రం వచ్చారు, ఆవులు వచ్చాయి. సూరిగారు ఇది పుట్టించలేదు, ఉన్నదాన్ని రాశారు. తమిళంలో ‘వందాళ్’, కన్నడంలో ‘బందళు’ అని స్త్రీకి వేరే రూపం ఉంది కదా అంటారు. అది వాళ్ళు తర్వాత ఏర్పరచుకున్నదనీ, ఏకవచనంలో మన పద్ధతే పాతదనీ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి అభిప్రాయం. గోండీ, కుయి భాషల్లో అయితే బహువచనంలో కూడా స్త్రీలు మహత్తుల్లో చేరరు. వేల ఏళ్ళ నాటి వ్యాకరణానికి ఈనాటి తగువు అంటగడితే ఎలా?

(అమలాపురం)

మాస్టారూ, మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను. సీతా బస్సూ ఒకే క్రియతో రావడం గురించి నాకే పేచీ లేదు. ‘సీత వచ్చింది’కి జత ‘రాముడు వచ్చాడు’. రెండూ సమానం, వ్యాకరణం అక్కడ తన పని తాను సరిగ్గానే చేసింది. ఆ పైన గౌరవానికని బహువచనం ఒకటుంది, అది ఇద్దరికీ అందుబాటులో ఉంది. రాముణ్ణి చటుక్కున ‘వచ్చారు’ మెట్టు ఎక్కించేసి సీతను కిందే నిలబెడుతున్నది సూరిగారు కాదు, మనం. నేను అడుగుతున్నది ఆ మెట్టు గురించే.

ఇంకో సంగతి. ఊడుపులకి ఒక్క మనిషి వస్తే ‘వచ్చింది’, పదిమంది కలిసి వస్తే ‘వచ్చారు’. ఆడవాళ్ళు గుంపుగా వస్తే వ్యాకరణమే వాళ్ళకి ‘-రు’ ఇచ్చేస్తోంది. ఒక్కత్తే వచ్చినప్పుడు ఇవ్వాల్సింది మనం.

(ఉండి)

ఊడుపుల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆకుమడిలో ఆకు తీసి కట్టలు మోసి చేలో వేసేది మగాళ్ళు. మోకాలి లోతు బురదలో నడుం వంచి నాటేది ఆడాళ్ళు. దాన్ని ‘తేలిక పని’ అంటాం. మగ కూలి వేరు, ఆడ కూలి వేరు. సమాన వేతన చట్టం వచ్చింది 1976లో. మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, ‘ఆడాళ్ళు అంత బరువు మొయ్యలేరు కదండీ’ అంటారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంగి ఉండడం ఏ తూకంలో వేస్తారో మరి. ఒక పూట నాటి చూడమంటే మాత్రం ఎవరూ రారు, నాతో సహా.

(పాలకొల్లు)

‘అమ్మ వచ్చింది’లో ఉన్నది చనువండి, చిన్నచూపు కాదు. మా అమ్మని ‘అమ్మ వచ్చారు’ అంటే నాకే పరాయిదానిలా అనిపిస్తుంది. ఊళ్ళో అమ్మవారినైనా ‘వెలిసింది’ అనే కదా అంటాం. దాన్ని కూడా పక్షపాతం కింద కట్టేస్తారా?

(అమలాపురం)

చనువు నిజమేనమ్మా. మరి నాన్నగారి దగ్గర చనువు లేదా మీకు?

(పాలకొల్లు)

దొరికిపోయాను. మేం ‘నాన్నగారు వచ్చారు’ అనే అనేవాళ్ళం. మా పిల్లలు మాత్రం ‘నాన్న వచ్చాడు’ అంటారు. అప్పుడు మా అత్తగారు ఊరుకోరు, ‘కన్నతండ్రిని వచ్చాడు అంటావేంట్రా?’ అని కేకలేస్తారు. మీరు అడిగాక గుర్తు చేసుకుంటున్నాను, ‘అమ్మ వచ్చింది’ అన్నందుకు ఎప్పుడూ ఒక్క మాట అనలేదావిడ. ఆవిడ గురించి కూడా పిల్లలు ‘నానమ్మ వచ్చింది’ అనే అంటారు. దానికీ ఏమీ అనరు.

(నర్సాపురం)

మా ఊరి నుంచి ఒక వాక్యం. ‘మీ అమ్మాయి ఏం చేస్తుందండి?’ ‘ఏం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది.’ ఈ మాట చెబుతున్న తల్లి పక్కనే ఆ అమ్మాయి కూచుని ఉంటుంది, ఒళ్ళో దారం, చేతిలో సూది, వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. మీకు కాఫీ ఇవ్వడానికి లేచి, ఇచ్చి, మళ్ళీ అల్లిక ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే అందుకుంటుంది. ఆవిడ లేసు అల్లుకుంటూ ఉంటుంది, అంతే. అదే లేసు కొని బయటికి పంపే ఆయన లేసు వ్యాపారం ‘చేస్తారు’. ఒకరిది చెయ్యడం, ఒకరిది ‘ఉంటూ ఉండడం’.

(అమలాపురం)

ఇక్కడ కొంచెం ఆగాలండి. నర్సాపురం లేసు మిషనరీలతో 19వ శతాబ్దంలో వచ్చింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మధ్యలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ మీదే ఒక పుస్తకం రాశారు, 1982లో అచ్చయింది. ఆవిడ చెప్పిన ముఖ్యమైన మాట మీ వాక్యంలో ఉన్నదే. రోజులో గంటల తరబడి ఆ ఆడవాళ్ళు ప్రపంచ మార్కెట్ కోసం పని చేస్తున్నారు. కానీ ఊరూ, వ్యాపారీ, చివరికి వాళ్ళకి వాళ్ళే కూడా దాన్ని ‘ఇంట్లో ఖాళీగా ఉన్న ఇల్లాలి కాలక్షేపం’ అనుకుంటారు. అలా అనుకోవడం వల్లే కూలి అంత తక్కువగా ఇచ్చినా ఎవరికీ తప్పుగా తోచలేదు. కాలక్షేపానికి కూలి ఏమిటి అన్నట్టు.

నేను క్రియల దగ్గర మొదలుపెట్టింది ఇందుకే. ‘ఆడది తిరిగి చెడింది, మగాడు తిరక్క చెడ్డాడు’ లాంటి సామెతలు ఈ రోజుల్లో నలుగురిలో అంటే ఎవరో ఒకరు అడ్డు తగులుతారు, లేదా అన్నవాడే నాలిక్కరుచుకుంటాడు. అవి బయటికి కనబడతాయి కాబట్టి. ‘ఏం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది’ అంటే అడ్డు తగిలేవాడు ఉండడు. అందులో తిట్టు లేదు, వెటకారం లేదు, పైగా చెబుతున్నది కన్నతల్లి. డబ్బుల లెక్క మాత్రం ఆ వాక్యం మీదే నడుస్తుంది.

(కాకినాడ)

అసలు ‘ఆడపిల్ల’ అన్న మాటలోనే ఉంది కదండీ అంతా. ఈడ పిల్ల కాదు, ‘ఆడ’ పిల్ల, అంటే అత్తారింటి పిల్ల. పెద్దలు ఊరికే పెట్టారా పేరు?

(అమలాపురం)

అయ్యా, ఈ ముక్క పెళ్ళిళ్ళ సీజనుకోసారి ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. ఆడ అంటే స్త్రీ అన్న మాట వేరు. పాత రాతలో దానికి అరసున్న ఉండేది, ఆఁడుది అని. బహువచనం ‘ఆండ్రు’లో ఆ సున్న నిండుగా వినబడుతుంది. అక్కడ అనే అర్థంలో వాడే ‘ఆడ’కీ దానికీ చుట్టరికం లేదు. పైగా మన డెల్టాలో అక్కడ అనడానికి ‘ఆడ’ అనేదెవరు? మనకి ‘ఆడు’ అంటే వాడు. ‘ఆడొచ్చాడండి’ అంటే వచ్చింది మగవాడే. మన యాసలో ఆ శ్లేష పేలదు. పిల్లని పంపించెయ్యాలని ముందే అనుకుని తర్వాత వెతికి పట్టుకున్న వ్యుత్పత్తి అది.

(తణుకు)

మగపిల్లల సంగతి కూడా ఒకటి రాయనివ్వండి. మావాడు సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తుంటే, పక్కింటాయన ‘ఛ, ఆడపిల్లలా ఏడుపేంట్రా’ అన్నారు. వాడు టక్కున ఆపేశాడు. ఓదార్చినట్టే అన్నారాయన. పక్కనే వాళ్ళ మనవరాలు నిలబడి ఉంది, తను ఏడవడం లేదు.

(మండపేట, స్కూల్ టీచర్)

ఐదో తరగతి నోటుబుక్కుల్లోంచి రెండు వాక్యాలు, ఒకే పిల్లాడు ఒకే పేజీలో రాసినవి. ‘కాటన్ దొరగారు ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించారు.’ ‘డొక్కా సీతమ్మ ఆకలితో వచ్చిన వారికి అన్నం పెట్టింది.’ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. సీతమ్మ గారు 1841లో మా మండపేటలోనే పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, 1909లో పోయేదాకా వచ్చినవాళ్ళకి వచ్చినట్టు వండి పెడుతూనే ఉన్నారు. 2024 నుంచి మా బడి భోజనానికి ఆవిడ పేరే. పిల్లలు రోజూ ఆవిడ పేరున తింటారు, ఆవిడ ‘పెట్టింది’ అని రాస్తారు.

ఎర్ర సిరాతో దిద్దుదామంటే అక్కడ తప్పేమీ లేదు. వాక్యం శుభ్రంగా ఉంది. అదే చిక్కు.

స్వాతంత్ర్య సమరయోధురాలు దువ్వూరి సుబ్బమ్మ గారి పాఠం అప్పుడు అదే తరగతిలో మౌఖికంగా అడిగి చూశాను. ‘సుబ్బమ్మ జైలుకు వెళ్ళింది’ అన్నవాళ్ళే ఎక్కువ. ఆడపిల్లలు కూడా.

(ఆకివీడు)

ఆడా మగా ఒక్కటే కాదండి, కలిమి కూడా చూడండి. మా వీధిలో ఇళ్ళు తుడిచే మనిషికి అరవై దాటాయి, అందరికీ ఆవిడ ‘పనమ్మాయి’. ‘పనమ్మాయి ఇంకా రాలేదు.’ ఆవిడ మాత్రం పాతికేళ్ళ కోడలుపిల్ల గురించి ‘అమ్మగారు బజారుకెళ్ళారండి’ అంటుంది.

(అమలాపురం)

ఇది బలమైన ఉదాహరణండి, నా వాదనని కొంచెం సరిచేస్తుంది కూడా. ఆడవాళ్ళకి ‘-రు’ రాదని కాదు. డబ్బు ఉంటే వస్తుంది, నెత్తి పండితే వస్తుంది, పోయాక తప్పకుండా వస్తుంది. మామ్మగారు ‘పోయారు’ అనే అంటాం. పాలేరుకి మగవాడైనా రాదు. కానీ మగవాడికి కాస్త కలిమి ఉంటే అడగకుండానే వచ్చేది, ఆడదానికి ఏదో ఒకటి జతపడితే గానీ రావట్లేదు.

(రామచంద్రపురం, తెలుగు మాస్టారు)

వయసుకీ హోదాకీ ఇచ్చే మర్యాద అని మీరే ఒప్పుకున్నారు కదా. ఇంట్లో పెద్దవారికి ‘-రు’, చిన్నవారికి ఏకవచనం. ఇందులో లింగభేదం ఎక్కడుంది?

(భీమవరం)

మాస్టారూ, క్షమించాలి. సంక్రాంతికి మీ ఇంటికి కొత్త అల్లుడు వస్తే ఏమంటారండి? ‘అల్లుడుగారు వచ్చారు, అల్లుడుగారు స్నానానికి లేచారా, అల్లుడుగారికి ఇంకో రెండు పూతరేకులు వెయ్యండి’ అంటారు కదా. ఆయనకి పాతికేళ్ళు, మీకు డెబ్భై. వయసు లెక్కయితే ఆయన ‘వచ్చాడు’ కావాలి. అదే పండక్కి, అదే వయసు కోడలు కూడా ఇంట్లో ఉంటుంది. ‘కోడలు వంటింట్లో ఉంది.’ కోడలుగారు అన్న మాట ఎప్పుడైనా విన్నారా?

(రామచంద్రపురం, తెలుగు మాస్టారు)

ఆయ్, ఇది ఆలోచించాల్సిందే. కోడలుగారు అన్న ప్రయోగం నా చెవిన పడలేదు.

(రాజోలు)

ఉందండి మాస్టారూ, ఎందుకు లేదూ. మా అత్తారింట్లో నన్ను అనేవారు. నేను ఆరు దాటాక లేచిన రోజున, ‘కోడలుగారు లేచారా?’ అని.