విండోస్ నుంచి ఉబుంటుకు మారాను: యాంటీవైరస్ లేని ఈ కంప్యూటర్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేనందువల్ల విండోస్ 11కు వెళ్లడానికి వీలుపడలేదు. అందుకని ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి బ్యాకప్ తీసుకుని, లోపలి డిస్కును పూర్తిగా తుడిచి, లినక్స్ రకానికి చెందిన ఉబుంటు 24.04 ఎక్కించుకున్నాను. వేగం గురించి గాని, రోజువారీ పనుల గురించి గాని నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా దిగులంతా భద్రత గురించే.

ఇన్నేళ్లూ స్క్రీన్ కింది మూలన యాంటీవైరస్ గుర్తు ఉండేది. పెన్‌డ్రైవ్ పెడితే స్కాన్ చేసేది, అనుమానం ఉన్న ఫైలు తెరవబోతే ఆపేది. ఇప్పుడు అలాంటిదేమీ కనిపించడం లేదు. లినక్స్‌కు వైరస్‌లు రావని చాలామంది ఖాయంగా చెబుతున్నారు గాని, బ్యాంకు లావాదేవీలు, పన్ను పత్రాలు, ఇంట్లోవాళ్ల ఫోటోలు అన్నీ ఇందులోనే ఉన్నప్పుడు ఆ ఒక్క మాట మీద నిశ్చింతగా ఉండలేకపోతున్నాను. పైగా బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ కూడా ఆఫ్‌లోనే ఉందని తెలిసింది.

ఇంకొక సంగతి. ప్రింటర్ డ్రైవర్ కోసం వెతికితే ఒక వెబ్‌సైటు పొడుగాటి కమాండు ఒకటి ఇచ్చి, దాన్ని కాపీ చేసి కమాండ్లు టైపు చేసే విండో అయిన టెర్మినల్‌లో అతికించమంది. అతికించి ఎంటర్ నొక్కగానే పాస్‌వర్డ్ అడిగింది. టైపు చేస్తుంటే అక్షరం కాదు కదా, చుక్క కూడా కనిపించలేదు. అనుమానం వచ్చి పూర్తి చేయకుండానే విండో మూసేశాను. యాంటీవైరస్ వేసుకోవాలా, ఫైర్‌వాల్ ఆన్ చేయాలా, అసలు దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో అనుభవం ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు

టైపు చేసేది కనిపించకపోవడంలో తప్పేమీ లేదు. పాస్‌వర్డ్ ఎన్ని అక్షరాలదో పక్కనున్నవారికి తెలియకూడదని టెర్మినల్ అలా దాచిపెడుతుంది. అయినా మీరు అక్కడ ఆగడం చాలా మంచిదైంది, ఎందుకంటే మీ కొత్త సిస్టమ్‌లో జాగ్రత్త పడవలసిన అసలు చోటు అదే.

అలాంటి కమాండ్లలో సాధారణంగా రెండు సగాలు ఉంటాయి. మొదటి సగం ఇంటర్నెట్ నుంచి ఒక స్క్రిప్టును దింపుతుంది, రెండవ సగం దాన్ని ఎవరూ చదవకముందే అడ్మిన్ హక్కులతో నడిపేస్తుంది. ఆ స్క్రిప్టు ఈరోజు మంచిదే కావచ్చు. రేపు ఆ సర్వర్ ఎవరి చేతిలోనైనా పడితే అదే కమాండు వేరే పని చేస్తుంది. అంతేకాదు, వెబ్‌పేజీలో మీకు కనిపించే వాక్యం ఒకటి, కాపీ అయ్యేది మరొకటి అయ్యేలా పేజీని రాయడం కష్టమేమీ కాదు. కాబట్టి ఏ కమాండునైనా ముందు టెక్స్ట్ ఎడిటర్‌లో అతికించి, చదివి, అందులోని ప్రతి ముక్క ఏం చేస్తుందో తెలిశాకే టెర్మినల్‌లోకి తీసుకెళ్లండి. తెలియకపోతే తీసుకెళ్లకండి. ప్రింటర్ సంగతికి వస్తే, ఈమధ్యకాలపు నెట్‌వర్క్ ప్రింటర్లలో చాలావాటికి విడిగా డ్రైవర్ అవసరం లేదు. సెట్టింగుల్లో ప్రింటర్ల విభాగం తెరిస్తే అదే కనిపించే అవకాశం ఎక్కువ.

విండోస్‌లో మనకు ఏ ప్రోగ్రామ్ కావాలన్నా దాని వెబ్‌సైటుకు వెళ్లి దింపుకునే అలవాటు ఉంటుంది. ఆ అలవాటును వదులుకోవడమే మీరు వేసుకోగల అతి పెద్ద యాంటీవైరస్ అని నా అభిప్రాయం. ఉబుంటు వారి ప్రోగ్రామ్‌ల అధికారిక నిల్వ అయిన రిపోజిటరీలోని ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రామ్ మూటల) జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది, ప్రతి ప్యాకేజీ ఆ జాబితాలోని వివరాలతో సరిపోవాలి. దారిలో ఎవరైనా ఫైలును మార్చితే ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది. బయటి వ్యక్తులు నడిపే పీపీఏలు అనే విడి రిపోజిటరీలకు, ఊరూపేరూ లేని సైట్లలోని డెబ్ అనే ఇన్‌స్టాల్ ఫైళ్లకు ఉబుంటు వారి సంతకం వర్తించదు. ఉబుంటు యాప్‌ల దుకాణమైన స్నాప్ స్టోర్‌లో కూడా ఎవరైనా ప్రోగ్రామ్ పెట్టవచ్చు. 2024 ఆరంభంలో అక్కడ ఒక క్రిప్టో వాలెట్ పేరుతో నకిలీ యాప్ చేరి, దాన్ని నమ్మిన వాడుకరి బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నారు. ప్రచురించింది ఎవరో, పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు ఉందో లేదో చూడకుండా ఏదీ వేసుకోకండి.

మరొక అపోహను కూడా ఇక్కడే తొలగించాలి. రూట్ (పూర్తి అడ్మిన్ అధికారం) పాస్‌వర్డ్ ఇవ్వనంతవరకు ఏ చెడ్డ ప్రోగ్రామూ ఏమీ చేయలేదని అంటారు. సిస్టమ్ ఫైళ్ల వరకు అది చాలా మేరకు నిజమే. కాని మీకు విలువైనవి సిస్టమ్ ఫైళ్లు కావు. మీ ఫోటోలు, పన్ను పత్రాలు, బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న సెషన్లు అన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, మీ పేరు మీద నడిచే ఏ మామూలు ప్రోగ్రామైనా పాస్‌వర్డ్ అడగకుండానే వాటిని చదవగలదు.

రెండవ జవాబు

యాంటీవైరస్ గురించి చెబుతాను. లినక్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో బాగా తెలిసినది క్లామ్ఏవీ. దాని ప్రధాన ఉపయోగం మెయిల్ సర్వర్ల గుండా వెళ్లే ఉత్తరాలను వడపోయడం, అది పట్టుకునేవాటిలో అధికభాగం విండోస్ మాల్‌వేరే. మీ పాత పెన్‌డ్రైవ్‌లను విండోస్ వాడేవారికి ఇచ్చే అలవాటుంటే స్కాన్ చేసి ఇవ్వడానికి పనికొస్తుంది. మీ సొంత రక్షణకు దాని మీద ఆధారపడవద్దు. విండోస్ ఈఎక్స్‌ఈ ఫైళ్లు ఉబుంటులో వాటంతట అవి నడవవు. అయితే విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపించే వైన్ వేసుకుంటే మాత్రం మాట మారుతుంది, ఎందుకంటే వైన్ మీ డిస్కు మొత్తాన్ని జెడ్ డ్రైవ్‌గా ఆ ప్రోగ్రామ్‌లకు చూపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం అప్‌డేట్లు. అడ్మిన్ హక్కులతో కమాండ్లు నడిపే సుడో అనే ప్రోగ్రామ్‌లో 2011 నుంచి ఎవరి కంటా పడకుండా ఉన్న ఒక లోపం 2021 జనవరిలో బయటపడింది. మామూలు ఖాతా ఉన్నవారు సైతం దాని ద్వారా రూట్ హక్కులు సంపాదించగలిగేవారు. అలాంటివి ఇకముందూ బయటపడతాయి, కనుక దిద్దుబాటు మీ దగ్గరికి ఎంత త్వరగా చేరుతుందన్నదే ప్రశ్న. ఉబుంటు భద్రతా అప్‌డేట్లను తనంతట తానే వేసుకుంటుంది, కాని కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు కేంద్రమైన ప్రోగ్రామ్) మాత్రం రీస్టార్ట్ చేసేవరకు అమలులోకి రాదు. వారాల తరబడి ల్యాప్‌టాప్ మూత మూసి తెరవడంతోనే సరిపెట్టుకునేవారు ఈ సంగతి మరచిపోతుంటారు. ఇంకా, 24.04కు 2029 వరకు దొరికే ఉచిత అప్‌డేట్ల హామీ ముఖ్య రిపోజిటరీకే వర్తిస్తుంది. యూనివర్స్ అనే విభాగంలోని వేలాది ప్యాకేజీలకు కూడా అది కావాలంటే ఉబుంటు ప్రో తీసుకోవాలి. సొంత వాడకానికి 5 కంప్యూటర్ల వరకు అది ఉచితమే.

ఫైర్‌వాల్ విషయంలో కంగారు పడనక్కర్లేదు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో బయటి కనెక్షన్ల కోసం ఎదురుచూసే సేవలు మొదట్లో దాదాపు ఉండవు. మూసే తలుపే లేనప్పుడు తాళంతో పెద్దగా పని లేదు.

మూడవ జవాబు

పై జవాబులోని చివరి మాటతో నేను ఏకీభవించలేను. 2024 సెప్టెంబరులో ముద్రణ వ్యవస్థ అయిన కప్స్‌లో కొన్ని లోపాలు వెల్లడయ్యాయి. దాని అనుబంధ సేవ ఒకటి 631వ పోర్టు అనే నెట్‌వర్క్ ద్వారంలో నెట్‌వర్క్‌లోని ఎవరి మాటనైనా వినేది. దాడి చేసేవారు ఆ దారిన ఒక నకిలీ ప్రింటర్‌ను మీ కంప్యూటర్‌లో నమోదు చేయించగలిగేవారు, మీరు దానికి ప్రింట్ ఇచ్చిన క్షణాన వారి కమాండు నడిచేది. ఆ సేవ మామూలు డెస్క్‌టాప్‌లలోనూ ఉండేది. ఇంటి రౌటర్ వెనుక ఉన్నప్పుడు ప్రమాదం తక్కువే, కాని అందరూ పంచుకునే వైఫైకి ల్యాప్‌టాప్ తీసుకెళ్లేవారికి ఆ రౌటర్ రక్షణ ఉండదు. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉబుంటుతో పాటే వస్తుంది. ఆన్ చేస్తే బయటి నుంచి పిలవకుండా వచ్చేవాటిని ఆపి, మీరు బయటికి చేసేవాటిని వదులుతుంది. ఒక్కసారి చేసే పని, చేసేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఫైర్‌వాల్ ఆన్ చేశాను, ప్రింటర్ నిజంగానే సెట్టింగుల్లో కనిపించింది. రిపోజిటరీని నమ్మమన్నారు సరే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామ్‌లోకి ఎవరో దొడ్డిదారి చొప్పించారని చదివాను. మూలంలోనే విషం కలిస్తే సంతకం ఏం కాపాడుతుంది?

మొదటి జవాబు ఇచ్చినవారు

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న, సంతకం ఆ సందర్భంలో కాపాడదు. ఎక్స్‌జెడ్ నిర్వాహకుల్లో ఒకరిగా ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ దొడ్డిదారిని పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీసి, 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టారు. అప్పటికి అది ఫెడోరా, డెబియన్ వంటి ఇతర లినక్స్ పంపిణీల పరీక్షా వెర్షన్లలోకి, ఎప్పటికప్పుడు కొత్తవి తెచ్చే కొన్ని పంపిణీల్లోకి మాత్రమే చేరింది. మీరు వాడుతున్న 24.04 అప్పుడు ఇంకా తయారీలోనే ఉంది. ప్యాకేజీలను మళ్లీ నిర్మించడం కోసం దాని బీటాను (ముందస్తు పరీక్షా వెర్షన్‌ను) ఒక వారం వెనక్కి జరిపారు.

అది అదృష్టం కూడా, కాదనను. అయితే ఆ దొడ్డిదారిని వెతికి పట్టుకోగలిగింది సోర్స్ కోడ్, నిర్మాణపు స్క్రిప్టులు అందరి ముందూ ఉన్నందువల్లే. మీరు చేయగలిగింది ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్‌లోనే ఉండి, కొత్త వెర్షన్ వచ్చిన రోజే పరుగెత్తకుండా ఉండడం. స్థిరమైన వెర్షన్‌కు చేరేలోపు ప్రతి ప్యాకేజీ చాలామంది చేతుల మీదుగా, చాలా నెలల వాడకం మీదుగా వస్తుంది.

నాలుగవ జవాబు

ఎవరూ ఎత్తని ఒక విషయం చెప్పాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా మార్చే) ఎంపికను మీరు ఎంచుకున్నారా? ఎంచుకోకపోతే మీ లాగిన్ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడ్డాక అది అక్కరకు రాదు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను స్టార్ట్ చేసి, మీ డిస్కును తెరిచి, హోమ్ ఫోల్డర్‌ను మామూలు ఫోల్డర్ చూసినట్టే చూడవచ్చు. మీరు చెప్పిన పన్ను పత్రాలకు ఏ వైరస్ కంటే కూడా ఇదే పెద్ద ముప్పు.

ఇప్పటికే ఎక్కించిన సిస్టమ్‌ను తర్వాత ఎన్‌క్రిప్ట్ చేయడం చిక్కుతో కూడిన పని. మీ బ్యాకప్ ఇంకా తాజాగానే ఉంది కనుక, కొత్త ఫైళ్లు పేరుకోకముందే ఆ ఎంపికతో మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని నా సలహా. అప్పుడు ఇన్‌స్టాల్‌కు వాడే ఐఎస్ఓ ఫైలును అధికారిక సైటు నుంచే దింపి, దాని చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని తేల్చే సంఖ్యను), చెక్‌సమ్ మీద ఉన్న సంతకాన్ని సరిచూడండి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే మరో పంపిణీ వెబ్‌సైటును హ్యాక్ చేసినవారు డౌన్‌లోడ్ లింకును దొడ్డిదారి ఉన్న ఐఎస్ఓ వైపు మళ్లించారు. సైటులో రాసి ఉన్న చెక్‌సమ్‌ను కూడా వారు మార్చగలరు గనుక సంతకం చూడడం తప్పనిసరి. డిస్కు పాస్‌వర్డ్‌ను మాత్రం కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ ఉండే సంచిలో కాకుండా వేరే చోట భద్రపరచండి. అది పోతే లోపలి ఫైళ్లను మీకు తిరిగి ఇవ్వగలవారు ఎవరూ ఉండరు.