ఇంటి కూడికల్లో వాక్య స్టడీ: దేవుని మీద ప్రేమ పెరుగుతోందా, తెలివి మాత్రమే పెరుగుతోందా?

బుధవారం కూడిక

అందరికీ వందనాలు. మా సంఘంలో కొన్నాళ్లుగా ఒక విషయం మీద గట్టిగా చర్చ నడుస్తోంది. మీ అభిప్రాయాలు కావాలి.

బుధవారం రాత్రి వంతులవారీగా ఒక్కో ఇంట్లో కూడుకుంటాం. రెండు పాటలు, ఒకరిద్దరి సాక్ష్యం, ప్రార్థన అంశాలు, మోకాళ్ల ప్రార్థన, చివర్లో ఆ ఇంటివాళ్లిచ్చే టీ. మొన్నటిదాకా ఇంతే. ఈ ఏడాది దాన్ని స్టడీగా మార్చారు. దేవుణ్ణి ఇంకా ఎక్కువగా ప్రేమించడం ఎలా అన్నది అంశం. మనిషికో పుస్తకం ఇచ్చారు. వచనం చూసి ఖాళీలు పూరించాలి, వారం వారం జవాబులు చదివి వినిపించాలి. ఉద్యోగస్తులకు బాగా నచ్చింది. పెద్ద వయసు అమ్మలు కొందరు రావడం తగ్గించేశారు.

నా మట్టుకు స్టడీ ఉండాలి, కానీ ఇప్పుడు నడుస్తున్న తీరు కాదు. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘాన్ని చూడండి. కష్టపడింది, సహించింది, అపొస్తలులమని చెప్పుకుంటూ వచ్చినవాళ్లను పరీక్షించి అబద్ధికులని తేల్చింది. అలాంటి సంఘంతో ప్రభువు "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి" అన్నాడు. ఖాళీలన్నీ సరిగ్గా పూరించిన సంఘం అది. నాకు భయం వేసేది అక్కడే.

పాత కీర్తన

బ్రదర్, నేను ఇంకో అడుగు ముందుకేసి అంటాను, స్టడీయే వద్దు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు ఎంతమంది? కూలి పని చేసుకునే మాదిగ కుటుంబాలే ఎక్కువ. విన్నారు, పాడారు, నమ్మారు, వెలివేసినా నిలబడ్డారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పుస్తకం పట్టుకోకుండా చరణాలకు చరణాలు పాడిన ముసలమ్మలను నేను చూశాను. తెల్లారుజామున పొయ్యి వెలిగిస్తూ పాడేవాళ్లు. ఆ ప్రేమ వాళ్లకు ఏ పుస్తకంలో ఖాళీలు పూరిస్తే వచ్చింది?

చదువుకున్నవాళ్లం కూర్చుని ముందస్తు నిర్ణయం (ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడన్న బోధ) గురించి గంటసేపు వాదించుకుని, ప్రార్థన లేకుండా ఇంటికి పోతున్నాం. "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అని పౌలు ఊరికే అన్నాడా?

బెరయవాడు

అన్నా, మీరంటే గౌరవం ఉంది, కానీ ఒప్పుకోను. ఎఫెసును మీరిద్దరూ సగమే చదువుతున్నారు. అబద్ధికులను పరీక్షించినందుకు ప్రభువు ఆ సంఘాన్ని తప్పుపట్టలేదు, మెచ్చుకున్నాడు. ఇకమీదట పరీక్షించడం మానండి అనలేదు. ఎక్కడినుంచి పడిపోయావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, ఆ మొదటి క్రియలు చెయ్యి అన్నాడు. జ్ఞాపకం చేసుకోవాలంటే ఆయన ఏం చేశాడో తెలియాలి కదా!

యేసు చనిపోయాడని ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు దిగులుగా నడుస్తుంటే, తిరిగి లేచిన యేసు వాళ్లతో కలిసి నడిచాడు. వాళ్లు గుర్తుపట్టలేదు. ఆయన వాళ్లతో పాట పాడించలేదు. మోషేతో మొదలుపెట్టి ప్రవక్తలందరి లేఖనాల్లో తన గురించి ఉన్న మాటలు విడమర్చి చెప్పాడు. వాళ్ల హృదయం మండింది అప్పుడే. రొట్టె విరిచాక ఆయన్ని గుర్తుపట్టారు, నిజమే, కానీ మంట దారిలోనే అంటుకుంది.

ఇంకో మాట. స్టడీ లేని కూడికలు నేనూ చూశాను. ప్రార్థన అంశాలన్నీ వీసా, ఉద్యోగం, పెళ్లి సంబంధం, స్థలం రిజిస్ట్రేషన్. అడగడం తప్పు కాదు. కానీ ఏళ్ల తరబడి అవే అడిగి, వీసా రాకపోతే కూడికకే రావడం మానేసినవాళ్లున్నారు. దేవుడు ఎలాంటివాడో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తెలియని మనిషిని ఎలా ప్రేమిస్తాం?

మేడగది

నేను డిగ్రీ చదువుతున్నాను. ఒక విషయం ఎవరూ మాట్లాడటం లేదు. గ్రూపులో అందరూ వింటున్నారని మాట్లాడతాం. "ఈ వారం దేవుడు మీతో ఏం మాట్లాడాడో చెప్పండి" అని వరసగా అడుగుతుంటే, ఏమీ మాట్లాడలేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఏదో ఒకటి కల్పించి చెప్పాలన్న టెన్షన్ నాకు మంగళవారం నుంచే మొదలవుతుంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసే చెప్పాడు. దేవుని మీద ప్రేమ ఒంటరిగా ఉన్నప్పుడే పెరుగుతుందని నాకనిపిస్తోంది.

తెనాలి కాపరి

మేడగది, నువ్వు చెప్పింది నిజం బాబూ. అలా వరసగా అడగడం మా దగ్గర మాన్పించాను. మాట్లాడాలనుకున్నవాళ్లే మాట్లాడతారు. కానీ రహస్య ప్రార్థన గురించి చెప్పిన ఆ ప్రభువే అదే చోట "నా తండ్రీ" అని కాదు, "మా తండ్రీ" అని ప్రార్థించమన్నాడు. ఒంటరిగా ఉన్నప్పుడు మనల్ని మనం మోసం చేసుకోవడం కూడా తేలికే. భార్యతో మాట్లాడకుండా వారం గడిపి, తెల్లవారుజామున ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకునే విశ్వాసులు నాకు తెలుసు. ఆ మాట అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంఘానికి అప్పు ఉంటే, తలా వారానికి ఒక పెన్నీ ఇద్దామనుకున్నారు. పన్నెండేసి మందికి ఒక నాయకుడు. అతను డబ్బు కోసం ఇంటింటికీ తిరుగుతుంటే తాగుడు, ఇంట్లో గొడవలు కంటపడ్డాయి. దాంతో ఆ చిన్న గుంపులే ఆత్మల క్షేమం అడిగే కూడికలయ్యాయి. అక్కడ పాఠం కంటే ముఖ్యమైనది "నీ ఆత్మ ఎలా ఉంది?" అన్న ప్రశ్న.

కాపరిగా నా భయం కూడా చెప్పాలి. ఎవరూ నడిపించకపోతే "నాకిలా అనిపించింది" అన్నదే వాక్యమైపోతుంది. యూట్యూబ్‌లో విన్నదంతా కూడికలోకి వస్తోంది. అందుకని స్టడీని తీసెయ్యమంటే నేను ఒప్పుకోను.

బుధవారం కూడిక

అయ్యగారూ, వందనాలు. మొన్న జరిగింది చెప్తే నా మాట ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ బుధవారం పుస్తకాలు పక్కన పెట్టి, లూకా 7లో పరిసయ్యుడైన సీమోను ఇంటికి యేసు భోజనానికి వెళ్లిన సంగతి రెండుసార్లు గట్టిగా చదివాం. ఒకడు ఐదువందల దేనారాలు, ఇంకొకడు యాభై బాకీపడితే ఇద్దరి అప్పూ కొట్టేసిన అప్పులవాడి ఉపమానం దగ్గర, చదువురాని ఒకమ్మ "దేనారమంటే ఎంత నాయనా?" అని అడిగింది. ఒక రోజు కూలి అమ్మా అన్నాను. ఆమె వేళ్లమీద లెక్క వేసుకుంది. వరి కోతలకు, మిరపకాయల ఏరుడుకు వెళ్లిన మనిషి. "ఐదొందల రోజులంటే ఏడాదిన్నర దాకా పొద్దస్తమానం వంగి పనిచేస్తే వచ్చే కూలి. ఒక్క రూపాయి ఇంట్లోకి వాడకుండా ఇస్తేనే ఆ అప్పు తీరేది. యాభై రోజులదైతే ఒక కారు కోతల్లో తీర్చేయొచ్చు" అంది. తర్వాత ఇంకో మాట అంది: "సీమోను తన బాకీ కూడా కొట్టేశారని మర్చిపోయాడు. అందుకే యేసు కాళ్లకు నీళ్లివ్వలేదు."

బ్యాంకులో పనిచేసే బ్రదర్ ఒకాయన అప్పటిదాకా ప్రతి ఖాళీకీ టకటకా జవాబు చెప్పేవారు. ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. ప్రార్థనలో మాత్రం, పదేళ్లుగా పలకరించని తమ్ముడి పేరెత్తి ఏడ్చారు.

పాత కీర్తన అన్నా, అది స్టడీయే. ఒక్క అధ్యాయంలో గంటన్నర కూర్చున్నాం. బెరయవాడు బ్రదర్, అక్కడ వాక్యాన్ని విడమర్చింది ఆ అమ్మే. దేవుణ్ణి ఎంత ప్రేమిస్తున్నామని మనల్ని మనం కొలుచుకుంటే ప్రేమ పెరగదు, ఆయన ఎంత క్షమించాడో లెక్క తెలిసినప్పుడే పెరుగుతుంది. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అని యోహాను రాసింది ఇదే కదా. మా పుస్తకంలో ప్రశ్నలన్నీ "మీరు వారంలో ఎన్నిసార్లు..." అంటూ మొదలవుతాయి. నా గొడవంతా ఆ ప్రశ్నలతోనే.

డాలస్ సిస్టర్

ఆ అమ్మ మాటలు మా వాళ్లకు చదివి వినిపించాను. మాది శనివారం జూమ్ కూడిక. పిల్లలకు ఇంగ్లీషు, పెద్దలకు తెలుగు, రెండూ కలిపి స్టడీ చెయ్యడం కష్టమవుతోంది. కానీ స్టడీ ఆపేస్తే ఇక్కడి పిల్లలకు కీర్తనలు కూడా రావు, ఇంక వాళ్లకు మిగిలేదేముంది? అందుకని నా ఓటు స్టడీకే.

పాత కీర్తన

బ్రదర్, ఆ రాత్రి సంగతి విని దేవునికి స్తోత్రం చెప్పాను. అలాంటి కూడికైతే నాకేం అభ్యంతరం లేదు. కానీ ప్రతి గుంపులోనూ అలాంటి అమ్మ ఉండాలి, ఉన్నా ఆమెను మాట్లాడనిచ్చే నాయకుడుండాలి. చాలా సంఘాల్లో ఇద్దరూ లేరు. అక్కడ పుస్తకం కంటే పాటే మేలని ఇప్పటికీ అంటాను.

తెనాలి కాపరి

నాయకులకు తర్ఫీదు ఇవ్వాలి అన్నా, లేరని వదిలేస్తే ఎప్పటికీ ఉండరు. బుధవారం కూడిక బ్రదర్, ఆ పుస్తకం గురించి మీ సంఘ పెద్దలతో నేరుగా మాట్లాడండి. రావడం మానేసిన అమ్మల ఇళ్లకు మీరే వెళ్లి పిలవండి, ఫోన్ చేసి ఊరుకోవద్దు. వచ్చే వారం యోహాను 21 చదవండి. తనను ఎరుగనని పేతురు అబద్ధమాడిన సంగతి యేసు ఎత్తలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, అడిగిన ప్రతిసారీ తన గొర్రెలను అప్పగించాడు. మీ అమ్మ దానికేమంటుందో ఇక్కడ రాయండి.