హార్మోన్ మందులు, ఊపిరితిత్తుల మందులు: వార్డులో నిజంగా ఏం తెలిసి ఉండాలి?

ఖమ్మం_స్టూడెంట్
అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. ఫార్మకాలజీలో ఎండోక్రైన్ (హార్మోన్లు), రెస్పిరేటరీ (ఊపిరితిత్తులు) రెండూ వెంటవెంటనే చెప్పేశారు. ఏ ఇన్సులిన్ ఎప్పుడు పీక్‌కి వెళ్తుంది, ఆయాసానికిచ్చే సాల్బుటమాల్ సైడ్ ఎఫెక్ట్స్ ఏంటి, స్టెరాయిడ్స్ ఎందుకు సడన్‌గా ఆపకూడదు, చదివినప్పుడు బాగానే ఉంటుంది, తర్వాత అన్నీ కలగాపులగం. త్వరలో మెడికల్ వార్డు పోస్టింగ్. పరీక్ష సంగతి అటుంచితే, పేషెంట్ దగ్గర నిలబడ్డప్పుడు ఏది మర్చిపోకూడదో సీనియర్లు చెప్పండి ప్లీజ్.

మెడికల్‌వార్డు_అక్క
చెల్లీ, ముందు ఇన్సులిన్ సిరంజి మూత రంగు చూడటం అలవాటు చేసుకో. మన దగ్గర వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల బలంతో వచ్చే వయల్‌కి నారింజ మూతది. 100 యూనిట్ల వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. అదే 40 వయల్‌కి నారింజ సిరంజి పెడితే 20 అనుకున్నది 8 మాత్రమే వెళ్తుంది, షుగర్ తగ్గట్లేదని రౌండ్స్‌లో డోసు పెంచుతూ పోతారు, తర్వాత ఎవరో సరైన సిరంజి తెచ్చిన రోజు పేషెంట్ చెమటలు పట్టి పడిపోతాడు. వయల్ మీద బలం, సిరంజి మీద బలం రెండూ పైకి చదివి చూడు.

త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్, నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఒకే సిరంజిలో ఇవ్వాల్సి వస్తే తేటగా ఉన్న రెగ్యులర్ ముందు, పాలలా ఉన్నది తర్వాత. ఎన్‌పీహెచ్ వయల్‌ని గట్టిగా ఊపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. రోజంతా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్‌ని మాత్రం దేనితోనూ కలపొద్దు. రెగ్యులర్ అరగంటలో పని మొదలెడుతుంది కాబట్టి భోజనం నిజంగా వస్తోందా, పేషెంట్ తినేలా ఉన్నాడా, స్కానింగ్ కోసం ఖాళీ కడుపుతో ఉంచారా, ఇవి అడిగాకే సూది.

యూకేలో_నర్స్
పైన అక్క చెప్పింది వంద శాతం. ఇక్కడికొచ్చాక నేర్పిన మొదటి విషయాల్లో ఒకటి, ఇన్సులిన్ డోసు పక్కన ‘యూనిట్స్’ అని పూర్తిగా రాయాలి, ఒక్క ఇంగ్లిష్ అక్షరంతో కుదించకూడదు. ఎందుకంటే 10 పక్కన రాసిన ఆ యు అక్షరం సున్నాలా కనబడి 100 అయిపోతుంది. మన ఆసుపత్రుల్లో కేస్ షీట్లు ఇంకా చేత్తోనే రాస్తారు కదా, అక్కడ ఇది మరీ అవసరం.

ఐసీయూ_బ్రదర్_విజయవాడ
ఎండోక్రైన్, రెస్పిరేటరీ పాఠాలని విడివిడిగా చదవడం వల్లే తమరికి కలిసిపోతున్నాయండి. పొటాషియం దగ్గర కలిపి చదవండి, రెండూ గుర్తుంటాయి.

ఆస్తమా ఎటాక్‌తో షుగర్ పేషెంట్ వచ్చాడనుకోండి. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ వరసగా పెడుతున్నాం, హైడ్రోకార్టిసోన్ ఇస్తున్నాం, ఆ స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగిందని ఇన్సులిన్ డ్రిప్ పెట్టాం. సాల్బుటమాల్, ఇన్సులిన్ రెండూ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తాయి, స్టెరాయిడ్ మూత్రంలో పంపేస్తుంది. మూడూ ఒకే దిక్కు. నెబ్ తర్వాత చేతులు వణకడం, గుండె దడ మామూలే, పేషెంట్‌కి ముందే చెప్తే టెన్షన్ పడడు. కానీ కాళ్ళలో బలం లేదంటున్నా, మానిటర్‌లో బీట్లు తప్పుతున్నా నెబ్ వల్లేలే అని వదిలేయకుండా ఎలక్ట్రోలైట్స్ (పొటాషియం లాంటి లవణాల రక్తపరీక్ష) అడగాలి.

ఇదే గుణాన్ని కిడ్నీ పేషెంట్‌కి పొటాషియం ఎక్కువైనప్పుడు మందుగా వాడతాం. 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌తో పాటు 25 గ్రాముల డెక్స్ట్రోజ్, సాల్బుటమాల్ నెబ్ అయితే 10 నుంచి 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు 2.5 కంటే చాలా ఎక్కువ. ఆ తర్వాత గంటగంటకీ షుగర్ చూడాలి, గ్లూకోజ్ అయిపోయాక కూడా ఇన్సులిన్ పని చేస్తూనే ఉంటుంది.

మెడికల్‌వార్డు_అక్క
బ్రదర్ స్టెరాయిడ్ షుగర్ అన్నారు కాబట్టి ఒక మాట. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున్నే ఇస్తాం, షుగర్ పెరిగేది మధ్యాహ్నం, సాయంత్రం. ఫాస్టింగ్ ఒక్కటే చూసి నార్మల్ అని రాసేస్తే అసలు పెరుగుదల కనబడదు. లంచ్ తర్వాత, రాత్రి భోజనానికి ముందు కూడా చూడాలి.

ఛాతీ_ఓపీ_హైదరాబాద్
నాకు బాధ కలిగించేది ఇన్హేలర్ విషయం. మందు సరిగ్గానే రాస్తారు, ఎలా పీల్చాలో ఎవరూ చూపించరు. రోటాహేలర్‌లో వేసుకోవాల్సిన క్యాప్సూల్‌ని నీళ్ళతో మింగేసే పెద్దవాళ్ళు మా ఓపీకి ఇప్పటికీ వస్తుంటారు. ‘వాడుతున్నారా?’ అంటే ‘రోజూ వాడుతున్నానమ్మా’ అంటారు, అబద్ధం కాదు పాపం. అందుకే వాడుతున్నారా అని అడగొద్దు, ‘ఒకసారి నా ముందు చేసి చూపించండి’ అనండి.

పంపులా నొక్కే ఇన్హేలర్ అయితే ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా లోతుగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టాలి. పొడి మందు రోటాహేలర్ అయితే దానికి పూర్తిగా భిన్నం, గట్టిగా వేగంగా లాగాలి. పిల్లలకి, చేతులు వణికేవాళ్ళకి స్పేసర్ (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టించండి. స్టెరాయిడ్ ఉన్న ఇన్హేలర్ తర్వాత నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లగా ఫంగస్ వస్తుంది, గొంతు బొంగురు పోతుంది. రెండు ఇన్హేలర్లు విడిగా ఉంటే గాలిగొట్టాలు తెరిచేది ముందు, కొన్ని నిమిషాలాగి స్టెరాయిడ్.

మృగశిర కార్తెకి చేప మందు కోసం నాంపల్లి వెళ్ళేవాళ్ళు మా పేషెంట్లలో ఉన్నారు. వాళ్ళ నమ్మకం జోలికి నేను పోను, ఇన్హేలర్ ఆపనని మాత్రం మాట తీసుకుంటాను.

పీహెచ్‌సీ_స్టాఫ్_శ్రీకాకుళం
పల్లెల్లో ఇంకో సమస్య. ఆయాసానికీ మోకాళ్ళ నొప్పులకీ నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటారు, అది స్టెరాయిడ్ అని వాళ్ళకి తెలియదు. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, చర్మం పల్చబడి ఎక్కడ తగిలినా కమిలిపోతుంది. మూడు వారాలు దాటి వాడితే శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీ తగ్గించేస్తుంది, అప్పుడు ఉన్నట్టుండి ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, షుగర్ తగ్గడం. కారణం తెలియని తక్కువ బీపీతో ఎవరైనా వస్తే ‘ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచితో సహా పట్టుకురండి’ అని చెప్తాను. ఆ సంచిలోనే జవాబు దొరికిన సందర్భాలున్నాయి.

యూకేలో_నర్స్
ఇక్కడ అలాంటివాళ్ళకి స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డు ఇస్తారు, 2020లో మొదలైంది. జేబులో పెట్టుకుంటే ఎక్కడ పడిపోయినా హైడ్రోకార్టిసోన్ కావాలని అర్థమవుతుంది. మన దగ్గర ఓపీ చీటీ మీద పెద్దక్షరాలతో రాసినా మేలే.

లేబర్‌రూమ్_సిస్టర్
హార్మోన్లూ ఊపిరితిత్తులూ నిజంగా కలిసేది మా దగ్గర. నెలలు నిండకుండా, అంటే 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే తల్లికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాములు కండరానికి, 12 గంటలకోసారి, నాలుగు డోసులు. అది తల్లి కోసం కాదు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ బెటామెథసోన్‌తో చూపించాక వచ్చిన పద్ధతి ఇది. ప్రెడ్నిసొలోన్ ఎందుకివ్వరని వైవాలో అడుగుతారు. మావి (ప్లాసెంటా) దాన్ని చాలావరకు పనిచేయకుండా చేసేస్తుంది, డెక్సా, బెటా మాత్రం దాటుకుని బిడ్డకి చేరతాయి. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఇచ్చి, టైమ్ రిఫరల్ చీటీలో రాసి పంపండి దయచేసి. టైమ్ లేకుండా వస్తే రెండో డోసు ఎప్పుడివ్వాలో మాకెలా తెలుస్తుంది?

ఇంకొకటి, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే ఇచ్చే కార్బోప్రోస్ట్ ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు, గాలిగొట్టాలు బిగుసుకుపోతాయి. రక్తస్రావానికే ఇచ్చే మిథర్జిన్ బీపీ ఉన్నవాళ్ళకి వద్దు. రక్తం పోతున్న హడావిడిలో ఈ ప్రశ్నలు అడగలేం. అందుకని అడ్మిషన్‌లోనే ‘ఆయాసం ఉందా, ఇన్హేలర్ వాడారా, బీపీ ఉందా’ అని అడిగి కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాస్తాం.

ఐసీయూ_బ్రదర్_విజయవాడ
సిస్టర్ చెప్పిన ఆస్తమా ప్రశ్న థైరాయిడ్‌లో కూడా పనికొస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళకి గుండె దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ రాస్తారు. ఆస్తమా ఉంటే అది ప్రమాదం. ఆ ఆర్డర్ చూడగానే డాక్టర్‌కి ఫోన్ చేయడం మన పని.

ఖమ్మం_స్టూడెంట్
అందరికీ చాలా థాంక్స్, ఇవన్నీ నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నా. ఆయాసానికిచ్చే డెరిఫిల్లిన్ ఇంజెక్షన్ గురించి కూడా చెప్పరూ, మా సీనియర్లు దాన్ని చూస్తే భయపడతారు.

ఛాతీ_ఓపీ_హైదరాబాద్
భయం కాదమ్మా, జాగ్రత్త. అందులో ఉన్న థియోఫిలిన్‌కి పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ, రక్తంలో ఎంఎల్‌కి 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి, 20 దాటితే వాంతులు, దడ, చివరికి ఫిట్స్. ఐవీ చాలా నెమ్మదిగా ఇవ్వాలి. సిప్రోఫ్లాక్సాసిన్ మొదలెడితే దాని స్థాయి పెరుగుతుంది. బీడీలు తాగే తాత వార్డులో చేరి బీడీ మానేసినా పెరుగుతుంది, ఎందుకంటే పొగ ఉన్నన్నాళ్ళూ లివర్ ఆ మందుని త్వరగా విరిచేస్తుంది. కాబట్టి అదే డోసుతో మూడు రోజులు బాగున్న తాత నాలుగో రోజు వాంతి చేసుకుంటే గ్యాస్ అనుకోకుండా డాక్టర్‌కి చెప్పు. ఆయనకి సీఓపీడీ (పొగ వల్ల ఎక్కువగా వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంటే ఆక్సిజన్ కూడా 88 నుంచి 92 శాతం దగ్గర ఉండేలా చూసుకో, 100 చేయాలని ఫ్లో పెంచొద్దు.

మెడికల్‌వార్డు_అక్క
పోస్టింగ్‌లో మొదటి రోజు చేయగలిగే పని ఒకటి చెప్తాను చెల్లీ. మీ వార్డులో థైరాయిడ్ మాత్ర ఎన్ని గంటలకిస్తున్నారో చూడు. చాలా చోట్ల పొద్దున మందుల ట్రాలీలో టిఫిన్ తర్వాత ఐరన్, కాల్షియంతో కలిపి ఇచ్చేస్తారు, అలా ఇస్తే సరిగ్గా ఒంటికి పట్టదు. ఖాళీ కడుపుతో, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు, ఐరన్, కాల్షియంకి కనీసం నాలుగు గంటల ఎడం. నైట్ డ్యూటీ వాళ్ళు ఆరింటికి ఇచ్చేలా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడి చార్ట్‌లో టైమ్ మార్పించు.