ఇసో: వంత పాడతారా, శ్రుతి పడతారా?

పాతపుస్తకం:
దక్షిణ అల్బేనియా బహుగళ గానంపై ఏనాడో విన్న ప్రసంగంలోని ఒక వాక్యం సగమే గుర్తుండి వేధిస్తోంది. "ఒకడు పాటను తీసుకుంటాడు, ఇంకొకడు మరలిస్తాడు, తక్కినవాళ్లు... పడతారు." తీసుకునేవాడు మర్రస్, మరలించేవాడు క్థ్యుయెస్ అన్నంతవరకు సందేహం లేదు. వెనక ఒకే స్వరంపై నిలిచే గొంతుల గుంపైన ఇసోకు ఆ ప్రసంగకర్త వాడిన మాట వంతా, శ్రుతా? అసలు చివర వచ్చినది 'పడతారు' అనా, 'పాడతారు' అనా?

తంబూర:
ఆ దీర్ఘంలోనే జవాబుంది. వంత పాడతారు గాని పట్టరు. అల్బేనియన్లు కూడా ఇసోను 'పట్టి ఉంచుతారు' అనే అర్థంలో 'మ్బాయ్‌నె ఇసో' అంటారు కనుక అది 'శ్రుతి పడతారు' అయి ఉండాలి. దక్షిణ అల్బేనియాలోని ఒక జనవర్గమైన తోస్కులు 'ఎ' అనే అచ్చును ఎడతెగకుండా నిలుపుతారు. ఒకరు ఊపిరి తీసుకునే క్షణంలో పక్కవారి గొంతు సాగుతూనే ఉంటుంది కాబట్టి అతుకు చెవికి చిక్కదు. మాటే లేనిచోట వంత ఎక్కడిది?

గోదారిగట్టు:
తంబూర గారూ, తోస్కులను చూసి అక్కడి మరో జనవర్గమైన లాబులను మరిచారు. వ్లోరా, తెపెలెన వైపు లాబుల ఇసో కొన్ని పాటల్లో పాట మాటలనే లయతో పలుకుతుంది. అది మన బుర్రకథ వంతకు దగ్గర చుట్టం. పైగా కావ్యభాషలో వంతకు దుఃఖమనే అర్థం ఉంది; ఈ గానం పెళ్లిళ్లలోనే గాక చావు సందర్భాల్లోనూ వినిపిస్తుంది.

తంబూర:
ఆ వంత వేరు, ఈ వంత వేరు. ఉచ్చారణ కలిసినంత మాత్రాన అర్థాలకు వియ్యం కుదర్చకూడదు.

డోలుసన్నాయి:
ఇద్దరూ ఒత్తు వాద్యాన్ని వదిలేశారు. సన్నాయి పక్కన ఒకే స్వరాన్ని ఊదే ఆ వాద్యకారుడు బుగ్గల్లో గాలి నిలుపుకొని నాదం తెగకుండా చూస్తాడు. అతడు ఒంటరిగా చేసే పనినే తోస్కులు గుంపుగా చేస్తారు.

గోదారిగట్టు:
తోస్కుల మాట వచ్చింది కనుక, పెర్మెట్ సీమలో 1846లో పుట్టిన నయీం ఫ్రాషెరిని తలచుకోకుండా ఉండలేను. ఫార్సీలోనూ రాసిన ఆ కవి పశువుల మందలనూ సేద్యాన్నీ కీర్తించిన 1886 నాటి కావ్యంలో పదహారు అక్షరాల పాదాన్ని నడిమికి విరిస్తే, జానపదుల ఎనిమిది అక్షరాల పాదమే వస్తుంది. మొదటి సగం తీసుకునేవాడిదీ, రెండో సగం మరలించేవాడిదీ అని నా ఊహ.

తంబూర:
ఊహ అందంగానే ఉంది గాని, అక్షరాల లెక్కలో ఇసోకు వాటా ఏదీ?

పాతపుస్తకం:
మీ చర్చ చదివాక ఆ దీర్ఘం ఒకసారి వినబడుతోంది, ఒకసారి లేదు. ఇంతలో మరో చిక్కు వచ్చిపడింది: లాబుల పాటలో నాలుగో గొంతు వాడిని హెధస్, అంటే విసిరేవాడు, అంటారు. ఆయన ప్రసంగంలో 'ఎత్తుకుంటాడు' అన్న మాట కూడా ఉన్నట్టు గుర్తు. అది ఇతడి గురించేనా?