కీబోర్డు ఊడే టాబ్లెట్టా, తెర వెనక్కి తిరిగే ల్యాప్‌టాపా?

ప్రశ్న – తెలుగు అధ్యాపకురాలు, కడప

నా పాత ల్యాప్‌టాప్ మరమ్మతుకు లొంగే దశ దాటిపోయింది కనుక, దాని స్థానంలో రోజువారీ పనులన్నింటికీ సరిపోయే పరికరం ఒక్కటే కొనదలిచాను. సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని నోట్సు రాసుకోవడం, స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చదువుతూ అంచుల్లో కలంతో గుర్తులు పెట్టుకోవడం, ప్రశ్నపత్రాలు, వ్యాసాలు టైపు చేయడం నా ముఖ్యమైన పనులు. తిరుపతికి తరచుగా బస్సులో వెళ్తుంటాను, ఆ సమయం వృథా పోకూడదని కోరిక. సర్ఫేస్ ప్రో వంటి టాబ్లెట్టు మేలా, లెనోవో యోగా వంటి మడత ల్యాప్‌టాప్ మేలా? వాడినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – కంప్యూటర్ మరమ్మతుదారు, అనంతపురం

మేడం గారూ, ముందు లోపలి అమరిక చూడండి. ఊడే రకంలో ప్రాసెసరు, బ్యాటరీ, స్టోరేజీ అన్నీ తెర వెనకే ఉంటాయి, కీబోర్డు పలుచని మూత మాత్రమే. బరువంతా పైన ఉండటం వల్ల నిలబెట్టడానికి వెనక ఒక ఊతకాలు కావలసి వస్తుంది. బల్ల మీద దానికి వంక పెట్టలేము గానీ, ఒళ్లో పెట్టుకుంటే ఆ కాలు మోకాళ్ల దాకా చోటు అడుగుతుంది, బస్సు గుంతలో పడితే వెనక్కి వాలుతుంది. మడత ల్యాప్‌టాప్‌లో యంత్రభాగమంతా కీబోర్డు కిందే ఉంటుంది కాబట్టి ఒళ్లో కుదురుగా కూర్చుంటుంది.

మరమ్మతు సంగతి కూడా ఆలోచించాలి. మడత ల్యాప్‌టాప్‌కు సాధారణంగా అడుగున స్క్రూలు విప్పితే బ్యాటరీ చేతికి అందుతుంది. చాలా టాబ్లెట్లలో అతికించిన అద్దాన్ని వేడిచేసి లేపితే తప్ప లోపలికి దారి లేదు, ఆ లేపడంలో అద్దం పగిలే ప్రమాదం ఉంది. పైగా మన ఎండలు మే నెలలో 40 డిగ్రీలు దాటుతాయి. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలోనే వాడమని ఆపిల్ సంస్థే సూచిస్తోంది. ఫ్యాను లేని పరికరం వేడెక్కితే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను ఉన్నదానికి దుమ్ము బెడద ఉంటుంది, అది వేరే లెక్క. నా ఓటు మడత ల్యాప్‌టాప్‌కే.

జవాబు – కర్నూలు పాఠకుడు

పై మిత్రునితో పూర్తిగా ఏకీభవించలేను. అడిగినవారి పనిలో పెద్ద భాగం చదవడమే. ఏ4 కాగితం పొడవు వెడల్పుల నిష్పత్తి సుమారు 1.41, సర్ఫేస్ ప్రో తెర 3:2, అంటే 1.5. నిలువుగా పట్టుకుంటే పుట దాదాపు తెరనిండా పరుచుకుంటుంది. కొన్ని మడత ల్యాప్‌టాప్‌లలో ఉండే 16:9 తెరను నిలువుగా తిప్పితే ఆ నిష్పత్తి 1.78 అవుతుంది, పైనా కిందా ఖాళీ మిగిలి అక్షరాలు చిన్నబోతాయి. పాత స్కాన్లలో వత్తులు అసలే మసకగా ఉంటాయి కదా! మడత రకమే కావాలనుకుంటే కనీసం 16:10 తెర ఉన్నది వెతకండి.

బరువు కూడా చూడండి. 2022లో వచ్చిన సర్ఫేస్ ప్రో 9 కీబోర్డు లేకుండా సుమారు 880 గ్రాములు. 14 అంగుళాల మడత ల్యాప్‌టాప్ సాధారణంగా కిలోన్నర దరిదాపుల్లో ఉంటుంది. దానిని వెనక్కి మడిచినప్పుడు కీబోర్డు మీటలు పనిచేయడం మానేస్తాయి గానీ వేళ్లకు తగులుతూనే ఉంటాయి. నాకైతే అది చిరాకు.

జవాబు – డీటీపీ కేంద్రం, ప్రొద్దుటూరు

ఆకారం కంటే ముందు తేల్చుకోవలసింది ఆపరేటింగ్ సిస్టం. మీ ప్రశ్నపత్రాలు ప్రెస్సుకు వెళ్లేవైతే, మన వైపు చాలా ప్రెస్సులు ఇంకా అనూ అనే పాత తెలుగు ఫాంట్లతోనే పనిచేస్తున్నాయన్నది గుర్తుంచుకోండి. వాటితో టైపు చేయడానికి వాడే అనూ స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసినది. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కావు కాబట్టి, ఆ ఫైలును ఐప్యాడ్‌లోనో ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లోనో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేయడానికి మాత్రం విడిగా ఏదీ అక్కరలేదు. విండోస్ 10లోనే 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు టైపు చేస్తే తెలుగు వచ్చేది) ఉంది.

విండోస్‌లోనూ ఒక మెలిక ఉంది. 2024 సర్ఫేస్ ప్రో వంటి, స్నాప్‌డ్రాగన్ అనే వేరే రకం ప్రాసెసరు ఉన్న పరికరాలలో మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడిచినా, పాత ప్రింటర్లకు ఆ చిప్ కోసమే తయారైన డ్రైవరు (ప్రింటరును కంప్యూటరుతో కలిపే సాఫ్ట్‌వేర్) దొరకకపోవచ్చు. ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసరు ఉన్నది తీసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. విండోస్ అన్నది తేలిపోయింది. బస్సులో టైపు చేయడం మానుకుని, చదువుకోవడం మాత్రమే పెట్టుకుంటే టాబ్లెట్టు వైపు మొగ్గవచ్చా? కీబోర్డు, కలం ధరలోనే కలిసి వస్తాయా?

జవాబు – కంప్యూటర్ మరమ్మతుదారు, అనంతపురం

అలాగైతే నా అభ్యంతరంలో సగం పోయినట్టే. వేడి, మరమ్మతుల విషయంలో మాత్రం మాట మార్చుకోను. సర్ఫేస్ ప్రోకు కీబోర్డు, కలం ఎక్కువగా విడిగానే కొనాలి, అందువల్ల ప్రకటనలోని ధరను నమ్మకుండా మూడింటి మొత్తం వేసి చూడండి. మడత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి కలం కూడా పెట్టెలోనే వస్తుంది. రెండు రకాల్లోనూ ర్యామ్ (పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) చాలావరకు బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకునే వీలుండదు, కనుక మొదటే 16 జీబీ తీసుకోండి.

దుకాణానికి మీ పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లండి. నిలబడి కాకుండా కుర్చీలో కూర్చుని, పది నిమిషాలు ఒక చేత్తో నిలువుగా పట్టుకుని చదివి చూడండి, తర్వాత ఒళ్లో పెట్టుకుని ఒక పేరా టైపు చేయండి. ఆ మోడలుకు కడపలోనే సర్వీసు ఉందా, బెంగళూరుకో హైదరాబాదుకో పంపాలా అన్నది బిల్లు వేయించకముందే అడగండి.